ల్యాప్‌టాప్ మొరాయిస్తే అడగాల్సిన మూడు ప్రశ్నలు



కంప్యూటర్ సైన్స్‌లో చేరిన ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గర ఒక ఉద్యోగం గ్యారంటీగా దొరుకుతుంది. జీతం మాత్రం ఉండదు. "నువ్వు చదివేది కంప్యూటరే కదా, ఇదేమైందో చూడు" అంటూ చుట్టాలందరూ ల్యాప్‌టాప్ చేతిలో పెడతారు. మన సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉంది, డేటా స్ట్రక్చర్స్ ఉంది. స్విచ్ నొక్కితే వెలగని ల్యాప్‌టాప్ గురించి ఒక్క యూనిట్ కూడా లేదు.

మా ఇల్లు హిందూపురంలో. మా అవ్వ వాళ్లది పెనుకొండ. మామ ధర్మవరంలో మగ్గాలు పెట్టుకున్నాడు. మూడు ఊళ్లూ ఒకే రైలు దారిలో ఉన్నాయి కాబట్టి సెలవులొస్తే ఆ మూడిళ్లే నాకు ల్యాబ్. అక్కడ తిరగ్గా తిరగ్గా ఒకటి అర్థమైంది. రిపేరు బాగా తెలిసినవాళ్లు ముందే స్క్రూడ్రైవర్ తీయరు, ముందు ప్రశ్నలు అడుగుతారు. ముఖ్యంగా మూడు: ఎక్కడ? ఎప్పుడు? ఏం మారింది? ఈ మూడింటికీ నిజమైన జవాబు దొరికితే సగం రిపేరు అయిపోయినట్టే.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఇవన్నీ నాకు ఇంగ్లీష్‌లోనే తెలుసు. మామకీ అవ్వకీ చెప్పాల్సి వచ్చినప్పుడే తెలుగులో మాటలు వెతుక్కున్నా. ఇక్కడ కూడా ఆ మాటల్లోనే రాస్తున్నా. ప్రశ్నల్లోకి వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది, దాంతో మొదలుపెడదాం.

ముందు ఫైళ్లు, తర్వాతే రిపేరు

ధర్మవరం పట్టుచీర అంచులో కనబడే పువ్వులూ హంసలూ ముందు గ్రాఫ్ కాగితం మీద చిన్న చిన్న గళ్లుగా పుడతాయి. ఆ గ్రాఫ్‌ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. మగ్గం పైన ఉండే జాకార్డ్ ఆ అట్టలను ఒక్కొక్కటిగా తిప్పుతూ, చిల్లు ఉన్నచోట పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జాకార్డ్ తయారుచేసిన ఈ యంత్రాన్ని చూసే చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్‌కు కూడా అట్టలు వాడాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ వాడినవీ చిల్లుల కార్డులే. అంటే మన కంప్యూటర్‌కి తాతమ్మ లాంటిది మామ ఇంట్లో రోజూ టకటకలాడుతూనే ఉంది.

మామ ఇప్పుడు గ్రాఫ్‌లు ల్యాప్‌టాప్‌లోనే గీస్తాడు. పోయిన ఎండాకాలం అది ఆన్ కావడానికి పది నిమిషాలు తీసుకోవడం మొదలుపెట్టింది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు కూడా.

"ఏం పాపా, ఫార్మాట్ కొట్టేద్దామా?" అన్నాడు మామ.

"వద్దు మామా. ఇందులో పోతే మళ్లీ దొరకనిది ఏముందో ముందు చెప్పు."

మామ కాసేపు ఆలోచించి "మా నాయన డిజైన్లు" అన్నాడు. తాత గీసిన పాత గ్రాఫ్‌లకు చెదలు పడుతుంటే మామ స్కాన్ చేసి పెట్టుకున్నాడు. కాగితాలు తర్వాత పారేశారు. ఆ స్కాన్లు ఈ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

పాత ల్యాప్‌టాప్‌ల్లో హార్డ్ డిస్క్ ఉంటుంది. లోపల ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటే, చిన్న ముల్లు లాంటి హెడ్ దాని మీదుగా కదులుతూ చదువుతుంది. ఆగకుండా టిక్కు టిక్కుమంటోందంటే, ఆ హెడ్ చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అనుమానించాలి. అలాంటి డిస్క్ నడిచే ప్రతి నిమిషమూ ప్రమాదమే. ఆ సమయంలో వైరస్ స్కాన్, డిస్క్ చెకింగ్, ఫార్మాట్ ఏవీ పెట్టకూడదు. పెన్‌డ్రైవ్ గానీ బయటి డిస్క్ గానీ తగిలించి, మళ్లీ దొరకని చిన్న ఫైళ్లు ముందు కాపీ చేసుకోవాలి. మేం తాత డిజైన్లు ముందు తీశాం. తర్వాత లెక్కల ఫైళ్లు, తర్వాత ఫోటోలు. సినిమాల జోలికి పోలేదు. చాలా ముఖ్యమైన డేటా ఉండి, డిస్క్ అసలు కనబడకపోతే మాత్రం మనం కెలక్కుండా ఆఫ్ చేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

మూడు ఫోల్డర్లు కాపీ కాలేదు. అందులో కొన్ని డిజైన్లకు మాత్రం అటక మీద పాత అట్టల కట్టలు దొరికాయి. మామ ఆ చిల్లులు చూసుకుంటూ మళ్లీ గ్రాఫ్ గీసుకున్నాడు. అట్టలు లేని ఐదు డిజైన్లు పోయాయి. వాటి పేర్లు మామ ఇప్పటికీ చెప్పగలడు, గీయలేడు.

బ్యాకప్ అంటే ఆ అటక మీది కట్టే. రూల్ చాలా సింపుల్: 3, 2, 1. ముఖ్యమైన ఫైలు మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల వస్తువుల్లో ఉండాలి, ఒకటి ఇంకో చోట ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్క్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి అనుకోండి, సరిపోతుంది. గూగుల్ 15 జీబీ ఫ్రీగా ఇస్తుంది, మన రికార్డులకీ ప్రాజెక్టులకీ చాలు. ఒక్క జాగ్రత్త. డ్రైవ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఫైలు డిలీట్ చేస్తే అక్కడ కూడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. అందుకే బయటి డిస్క్‌లో కాపీ కూడా కావాలి.

మొదటి ప్రశ్న: ఎక్కడ?

హిందూపురంలో మా ఇంట్లో జరిగింది ఇది. చార్జింగ్ పెట్టి టైప్ చేస్తుంటే మణికట్టు దగ్గర సన్నగా జివ్వుమనేది. టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే బాణం గుర్తు తనంతట తానే గంతులేసేది. అమ్మ అయితే "పాడైపోయింది, మార్చేయ్" అనేసింది. కానీ కాలేజీలో అదే ల్యాప్‌టాప్, అదే చార్జర్, ఏ ఇబ్బందీ లేదు. ల్యాప్‌టాప్ మారలేదు, చార్జర్ మారలేదు, చోటు ఒక్కటే మారింది. అంటే వెతకాల్సింది మా ఇంటి గోడలో.

చార్జర్ లోపల కరెంటులోని రొదను వడకట్టే చిన్న భాగాలు ఉంటాయి. వాటి గుండా చాలా కొద్ది కరెంటు బయటికి కారుతుంది. ప్లగ్గుకి ఉండే మూడో పిన్ను, అదే లావుగా పొడుగ్గా ఉండేది, దాన్ని భూమిలోకి పంపేస్తుంది. ఆ దారి లేకపోతే అది ల్యాప్‌టాప్ ఒంటి మీదే ఉండి మన చేతికి తెలుస్తుంది. మా హాల్లో ఎక్స్‌టెన్షన్ బాక్స్ రెండు పిన్నుల ప్లగ్గుతో గోడకి తగిలించి ఉంది. నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూశాం. తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఎలక్ట్రీషియన్ అన్నని పిలిస్తే ఇంటి వెనక ఎర్తింగ్ గుంత చూపించాడు. ఎండిపోయి రాయిలా ఉంది. మట్టి ఎండితే కరెంటు దానిలోకి సరిగ్గా దిగదు. మనది దేశంలోనే వానలు తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం మన దగ్గర చాదస్తం కాదు, అవసరం. ఇది ల్యాప్‌టాప్‌తో ఆగే విషయం కూడా కాదు. ఎర్తింగ్ లేని ఇంట్లో గ్రైండర్, ఫ్రిజ్, గీజర్ ప్రాణం మీదికి తెస్తాయి. ఆ చిన్న జివ్వు మాకు ముందే హెచ్చరిక ఇచ్చినట్టయింది. ఎర్తింగ్ ఉందో లేదో చూడటం మాత్రం ఎలక్ట్రీషియన్ పని. మీరు వైర్లు పట్టుకోకండి.

"ఎక్కడ" అన్న ప్రశ్నకి ట్రిక్కు ఒకటే. ఒకసారి ఒక్క వస్తువే మార్చి చూడాలి. రెండు ఒకేసారి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

చార్జ్ ఎక్కడం లేదా? ముందు వేరే ప్లగ్గు. తర్వాత అదే రకం వేరే చార్జర్. టైప్ సీ చార్జర్ అయితే దాని మీద వాట్స్ చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లకు 45 లేదా 65 వాట్స్ కావాలి. మామూలు ఫోన్ చార్జర్ పెడితే ఎక్కీ ఎక్కనట్టు ఉంటుంది.

అసలు ఆన్ కావడం లేదా? చార్జర్ పీకేయండి, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేయండి. పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత చార్జర్ పెట్టి మామూలుగా ఆన్ చేయండి. లోపల మిగిలిన చార్జ్ పోయి చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉందా? ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి. టీవీలో బొమ్మ వస్తే లోపలంతా బాగానే ఉంది, తేడా స్క్రీన్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది. మీ ఫైళ్లు భద్రం. విండోస్ వాడేవాళ్లు దానికి ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలతో బీ కలిపి నొక్కి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది.

నెట్ రావడం లేదా? అదే వైఫై ఫోన్‌లో వస్తోందా చూడండి. ఫోన్‌లో కూడా రాకపోతే తప్పు రౌటర్‌దో కంపెనీదో. ఫోన్‌లో వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే, ఆ వైఫైని ఫర్‌గెట్ కొట్టి పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి. రౌటర్‌కి రెండు గోడల అవతల కూర్చుంటే 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 గిగాహెర్ట్జ్ బాగా అందుతుంది. స్పీడ్ కొంచెం తక్కువ, అంతే.

ఇంకో మాట. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. కాబట్టి మన ఊళ్లలో ఓల్టేజీ తగ్గితే దానికేం కాదు. కరెంటు పోయి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగదన్నే ఓల్టేజీ, పిడుగులు, ఇవే అసలు ప్రమాదం. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపడం చాలదు. ప్లగ్గు పీకాలి, లాన్ వైరు ఉంటే అది కూడా పీకాలి.

రెండో ప్రశ్న: ఎప్పుడు?

మగ్గం దగ్గర మామ తప్పు పట్టే పద్ధతి చూస్తే ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. చీరలో తప్పు ఒక్కసారే కనబడితే పోగు తెగింది అంటాడు. డిజైన్ తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే చోట వస్తుంటే అట్టలో చిల్లు తప్పు. పొడుగునా ఒకే గీతగా సాగితే ఆ పడుగు పోగును లేపే కొక్కెం తప్పు. విప్పి చూడకుండానే, తప్పు ఎప్పుడెప్పుడు వస్తోందో చూసి ఎక్కడుందో చెప్పేస్తాడు.

పెనుకొండలో మా చిన్నమ్మ కూతురు డీఎస్సీకి చదువుతోంది. క్లాసులన్నీ వీడియోలే. ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆరిపోతోంది, బ్యాటరీ పోయింది అంది.

"ఎప్పుడు ఆరిపోతోంది అక్కా?"

"ఎప్పుడేంది, ఎప్పుడైనా."

అలా కాదని రెండు రోజులు టైమ్ రాసి పెట్టమన్నా. కాగితం చూస్తే మధ్యాహ్నం రెండున్నర, మూడు, మూడుంపావు. పొద్దున ఐదింటికి కూర్చుంటే ఎనిమిది దాకా ఒక్కసారి కూడా ఆరిపోలేదు. చార్జర్ పెట్టి ఉన్నప్పుడు కూడా మధ్యాహ్నమే ఆరిపోయింది. అంటే బ్యాటరీ మీద అనుమానం పోయింది. అవ్వ కాగితం కూడా చూడకుండా "దానికీ ఎండదెబ్బ తగిలింటాది" అంది. అవ్వ చెప్పిందే కరెక్టు.

ఇల్లు బండల మిద్దె. మధ్యాహ్నానికి పైకప్పు పెనంలా కాలుతుంది. అక్క ల్యాప్‌టాప్‌ని పరుపు మీద, బొంత పైన పెట్టుకుని చూస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచి పీల్చి పక్కకి వదులుతాయి. బొంత ఆ ముక్కు మూసేసింది. దుమ్ము ఫ్యాన్ రెక్కలకూ పక్కనున్న సన్నటి రేకులకూ పట్టేసింది. ఆపిల్ కంపెనీ తన మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నాలు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది. వీడియో ఆగి ఆగి రావడం అందుకే. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడి ఇంకా అదుపులోకి రాకపోతే, కాలిపోకుండా మెషీన్ తనను తాను ఆపేసుకుంటుంది. అక్కకి అది రోగంలా కనిపించింది. నిజానికి అది ప్రాణం కాపాడుకునే పని.

మేం చేసింది ఇది. పూర్తిగా ఆఫ్ చేసి, చార్జర్ తీసి, చల్లారాక బయటి నుంచి గాలి కొట్టాం. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా సన్నటి పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే ఫ్యాన్ బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో చీపురు, తడిగుడ్డ లాంటివి లోపలికి పోనివ్వకండి. తర్వాత బొంత బదులు చెక్క పీట వేసి, ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు చివర్లా రెండు పుస్తకాలు పెట్టాం, మధ్యలో గాలి ఆడేలా. ఆరిపోవడం ఆగింది. మే నెలలో మాత్రం రెండు నుంచి నాలుగు దాకా అక్క ల్యాప్‌టాప్ మూసి నోట్స్ చదువుకుంటోంది. ఎండతో పంతం ఎందుకు?

వేడి బ్యాటరీని కూడా తినేస్తుంది. వేడి, రోజంతా నూరు శాతం చార్జ్, ఈ రెండూ కలిస్తే బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. చాలా కంపెనీల ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో చార్జ్‌ని 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంది, ఇంట్లో ప్లగ్గులోనే వాడేవాళ్లు అది పెట్టుకోండి. మీ బ్యాటరీ వయసు తెలుసుకోవాలంటే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్ అన్న మాటకి సీ, ఎఫ్, జీ అక్షరాలు అతికించి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీష్‌లో ఒకే మాటగా కొట్టండి. ఒక రిపోర్టు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి బలం. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోతే బ్యాటరీ మార్చే టైమ్ వచ్చినట్టే. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా మాత్రం లెక్కలు చూడక్కర్లేదు. బ్యాటరీ ఉబ్బింది. చార్జింగ్ ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా షాపుకి తీసుకెళ్లండి.

మూడో ప్రశ్న: ఏం మారింది?

నిన్నటిదాకా బాగుండి ఈరోజు పాడైందంటే మధ్యలో ఏదో మారింది. అడిగితే అందరూ "నేనేం చేయలేదు" అనే అంటారు. అబద్ధం కాదు, వాళ్లకి అది చేసినట్టు అనిపించదు. అందుకే ఇంకోలా అడగాలి. ఏమైనా తగిలించారా? ఏమైనా ఇన్‌స్టాల్ చేశారా? అప్‌డేట్ అయిందా? ఏదైనా లింక్ నొక్కారా?

తగిలించడం అంటే మన దగ్గర ఎక్కువగా పెన్‌డ్రైవే. రికార్డు ప్రింట్ తీయించుకుని వచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఫైళ్లు పోలేదు, వైరస్ వాటిని దాచింది. ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేయడమే అది కోరుకునేది, కాబట్టి చేయకండి. ముందు విండోస్ సెక్యూరిటీతో పెన్‌డ్రైవ్ స్కాన్ చేయండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లు దాచమనే టిక్కు కూడా తీసేయండి. అసలు ఫోల్డర్లు కనబడతాయి. మీ ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఆ టిక్కు మళ్లీ పెట్టేయండి. ప్రింట్ కోసం విడిగా ఒక చిన్న పెన్‌డ్రైవ్ ఉంచుకుని, దాంట్లో ప్రింట్ ఫైలు ఒక్కటే పెట్టడం అన్నిటికన్నా మేలు.

స్లో అయిందా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ నిండిందా, డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిందా, ప్రాసెసర్ నిండిందా చూడండి. ఒక్కోదానికి మందు వేరు. మెమరీ నిండితే బ్రౌజర్ ట్యాబ్‌లు మూయాలి. ఆన్ చేసిన వెంటనే స్లోగా ఉంటే స్టార్టప్ యాప్స్ తగ్గించాలి. ఏ పనీ లేకుండా డిస్క్ గంటల తరబడి 100 దగ్గరే ఉంటే, అది పాత హార్డ్ డిస్క్ అయితే, ముందు బ్యాకప్ తీసి ఎస్‌ఎస్‌డీకి మారాలి. మామ ల్యాప్‌టాప్‌కి చివరికి అదే చేయించాం. ఇప్పుడు అది ఆన్ అయ్యేలోపు టీ కూడా తాగలేకపోతున్నా అంటాడు.

షట్‌డౌన్ చేసి ఆన్ చేశా, తగ్గలేదు అంటుంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి స్థితి కొంత దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ఏ సమస్యకైనా ముందు రీస్టార్ట్.

సైట్లన్నీ "ఈ కనెక్షన్ సేఫ్ కాదు" అంటున్నాయా? ల్యాప్‌టాప్ తేదీ చూడండి. తేదీ తప్పితే సర్టిఫికెట్ల గడువు లెక్క తప్పుతుంది. తేదీ సరిచేసినా ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

ఇంకో మార్పు మనం ఏమీ చేయకపోయినా జరిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, కొత్త దొంగదారులకు తాళాలు మాత్రం రావు. టీపీఎం 2.0 లాంటివి ఉన్న మెషీన్ అయితే విండోస్ 11కి మారండి. లేకపోతే లైనక్స్ మింట్ లాంటిది వేసుకుని చూడండి. ఇంట్లో బ్రౌజింగ్‌కీ వీడియోలకీ హాయిగా సరిపోతుంది.

తెలుగు చెదిరిపోతే

తెలుగు క్లబ్ పత్రికలో ఇది చెప్పకపోతే ఎలా? డీటీపీ షాపు నుంచి వచ్చిన ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలూ ఇంగ్లీష్ అక్షరాలూ కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీష్ అక్షరాల నంబర్ల మీదే తెలుగు బొమ్మలు అతికించాయి. ఆ ఫాంట్ మీ దగ్గర లేకపోతే అడుగున ఉన్నది బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకి సొంతంగా 128 గళ్ల స్థలం ఉంది. అందులో రాసింది ఫోన్‌లోనైనా ల్యాప్‌టాప్‌లోనైనా తెలుగుగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి. విండోస్‌లో భాషల సెట్టింగ్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ చేర్చుకుని, విండోస్ కీతో స్పేస్ నొక్కితే మారిపోతుంది. ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ ఇవ్వండి. ఫాంట్ దాంట్లోనే వెళ్తుంది, దీర్ఘాలు ఊడిపోవు.

ఇవి మాత్రం చేయకండి

నీళ్లో టీనో ఒలికితే "ఆన్ అవుతోందా" అని చూడకండి. పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి, చార్జర్ పీకండి, తలకిందులుగా గుడారంలా నిలబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, బియ్యంలో పెట్టడం వద్దు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల చక్కెర, ఉప్పు మిగిలే ఉంటాయి. విప్పి శుభ్రం చేయించాకే ఆన్ చేయాలి.

"మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని స్క్రీన్ నిండా వస్తే ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ అలా నంబర్లు చూపించదు. బ్రౌజర్‌ని టాస్క్ మేనేజర్ నుంచి మూసేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది తప్పకుండా చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

షాపుకి ఇచ్చేముందు సీరియల్ నంబర్ రాసుకోండి, రసీదు మీద సమస్య ఏంటో రాయించండి, పాత భాగం మారిస్తే అది తిరిగి అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి మనకు తెలియకుండానే తాళం పడి ఉంటుంది. రిపేరు తర్వాత ఒక్కోసారి అది 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇప్పుడే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ కీ లేకపోతే మెషీన్ బాగైనా లోపలి ఫైళ్లు ఎవరూ తెరవలేరు.

చివరిగా, ఈ పేజీ మూసేముందు పది నిమిషాలు కేటాయించండి. మీ ల్యాప్‌టాప్‌లో పోతే మళ్లీ దొరకని ఫోల్డర్ ఏదో ఒకటి ఉంటుంది. ప్రాజెక్టు కావచ్చు, నాన్న షాపు లెక్కలు కావచ్చు, ఇప్పుడు లేనివాళ్ల ఫోటో కావచ్చు. దాన్ని ఇంకో చోటికి కాపీ చేయండి. రిపేరు మెల్లగా రేపు నేర్చుకోవచ్చు. కాపీ మాత్రం ఈరోజే అవ్వాలి.